పంతులుగారి లెక్క, నా పన్నెండు వేలు

మాది కొవ్వూరు. రోజూ గోదావరి దాటితేనే నాకు కాలేజీ. పైన బస్సులు, కింద రైళ్ళు పోయే బ్రిడ్జి 1974 నుంచీ ఉంది కాబట్టి మాకు రాజమండ్రి పక్క ఊరు కింద లెక్క. 2022లో జిల్లాలు మార్చాక అదే మా జిల్లా కేంద్రం కూడా అయింది. ఇంత దగ్గరగా ఉండి కూడా కందుకూరి వీరేశలింగం పంతులుగారు అంటే నాకు తెలిసింది టెన్త్ క్లాస్ రెండు మార్కుల ప్రశ్న వరకే. వితంతు వివాహాలు, వివేకవర్ధని, అయిపోయింది.

ఆయన దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది సాహిత్యం కాదు, నేను పోగొట్టుకున్న 12,000 రూపాయలు.

సెకండియర్‌లో జరిగింది ఇది. ఫోన్‌లో ఒక గ్రూపు. వారంలో డబ్బు రెట్టింపు అని రోజూ స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్ళు. ముందు 500 వేస్తే 750 వచ్చాయి. మనిషికి పిచ్చెక్కడానికి ఆ 250 చాలు. ట్యూషన్లు చెప్పి దాచుకున్నదీ, ఎగ్జామ్ ఫీజుకని నాన్న ఇచ్చిందీ కలిపి వేసేశా. వేసేముందు గోష్పాద క్షేత్రానికి వెళ్ళి, లాభం వస్తే 116 కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నా కూడా. సోమవారం పొద్దున్న చూస్తే గ్రూపే లేదు.

ఇంట్లో చెప్పలేదు. ఫ్రెండ్ దగ్గర అప్పు తెచ్చి ఫీజు కట్టేశా.

ఆ నెల మన క్లబ్బులో చదవాల్సిన పుస్తకం రాజశేఖర చరిత్రము. పంతులుగారు 1878లో తన పత్రికలో వరసగా రాసిన నవల. భాష పాతది, మొదటి పేజీలు నాకు అస్సలు నడవలేదు. కానీ కథలోకి వెళ్ళాక చెమటలు పట్టాయి. ధవళేశ్వరంలో రాజశేఖరుడని ఒక పెద్దమనిషి. మంచివాడు, ఉన్నవాడు, చుట్టూ భజన చేసేవాళ్ళు. ఒక బైరాగి వచ్చి బంగారం చేసి పెడతానంటే ఇంట్లో బంగారం, వెండి తెచ్చి వాడి చేతిలో పెడతాడు. వాడు దాంతో ఉడాయిస్తాడు. రాజశేఖరుడు అప్పులపాలై ఊరు వదిలి వెళ్ళాల్సి వస్తుంది. నా గ్రూపు అడ్మిన్ ఆ బైరాగే. కాషాయం బదులు వాడికి ఒక ప్రొఫైల్ ఫొటో ఉంది, అంతే తేడా.

ఇది రాసినాయనకి డబ్బు సంగతి ఎలా తెలుసా అని ఆయన జీవితం వెతికి చదివాను.

1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్ళకే తండ్రి సుబ్బారాయుడు పోయారు. తల్లి పూర్ణమ్మ, పెదనాన్న వెంకటరత్నం పెంచారు. పదమూడేళ్ళకి పెళ్ళి. ఆ అమ్మాయి పేరు బాపమ్మ. రాజ్యలక్ష్మమ్మగా మనకి తెలిసింది ఆవిడే. చదువయ్యాక ఆయన ముందు రెండు దారులున్నాయి. ఒకటి వకీలు పని, రెండోది సర్కారు కచేరీ కొలువు. రెండింట్లోనూ డబ్బుంది. కానీ ఒకదానికి అబద్ధం, ఇంకోదానికి లంచం లేకపోతే గడవదని తేల్చుకుని బడిపంతులయ్యారు. 1872లో కోరంగిలో హెడ్మాస్టరు, తర్వాత ధవళేశ్వరంలో. ప్లేస్‌మెంట్ల సీజన్లో ఈ ముక్క చదివితే వేరేలా తగులుతుంది, ట్రై చేయండి.

1874లో ధవళేశ్వరంలోనే ఆడపిల్లల బడి పెట్టారు, వివేకవర్ధని మొదలెట్టారు. మొదట్లో పత్రిక మద్రాసులో అచ్చయ్యేది. తర్వాత రాజమండ్రిలోనే ప్రెస్సు పెట్టుకున్నారు. నాకు ఆయనలో బాగా నచ్చింది ఇదే. లంచగొండి అధికారుల మీద, వకీళ్ళ మీద రాయాలంటే ఇంకొకరి అచ్చు యంత్రం మీద ఆధారపడకూడదు కదా. జీతం, పుస్తకాల మీద వచ్చేది, ప్రెస్సు. అన్నీ సొంత కష్టమే. ఎవరికీ బాకీ లేని మనిషి నోరు మూయించడం ఊళ్ళో పెద్దలకి కష్టం.

ఇక నమ్మకం సంగతి. చిన్నప్పుడు ఇంటి ఆచారాలన్నీ పాటించిన మనిషే. పెద్దయ్యాక బ్రహ్మసమాజం రాతలు చదివి, విగ్రహం లేని ఒకే దేవుడి దగ్గర ఆగారు. 1878లో ప్రార్థన సమాజం పెట్టారు. దయ్యాలూ చేతబడులూ ఒట్టిమాటలని పత్రికలో రాశారు. ఇంట్లో పూజ మానేసిన ఆధునికుడు అనుకున్నా ముందు. కాదు, రోజూ ప్రార్థన చేసే మనిషే. ఆ ప్రార్థనలో బేరం లేదంతే. ఇక్కడ నా 116 కొబ్బరికాయలు గుర్తొచ్చి సిగ్గేసింది. నేను ఇప్పటికీ గుడికి వెళ్తాను, ఆ విషయంలో పంతులుగారి శిష్యుణ్ణి కాలేదు. మొక్కులు మాత్రం మానేశా.

ఆయన నమ్మకానికి అసలు పరీక్ష 1881 డిసెంబరు 11. రాజమండ్రిలో తొలి వితంతు వివాహం. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఆ పిల్ల అప్పటికే విధవ, వయసు చూస్తే ఇంకా చిన్నపిల్ల. ఊరంతా ఎదురుతిరిగింది. పెళ్ళికి కాపలా కాసింది ఎవరనుకున్నారు? స్టూడెంట్స్. మనలాంటి కాలేజీ కుర్రాళ్ళే. వెలి వేశారు. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసి వంట చేశారు. హాజరైనవాళ్ళని ప్రాయశ్చిత్తం చేసుకోమన్నారు, కొందరు స్నేహితులు చేసుకున్నారు కూడా. ఈయన చేసుకోలేదు. ఈ కథలో ఆవిడకి దక్కాల్సిన పేరు సగం కూడా దక్కలేదని నా గొడవ.

పెళ్ళి చేసి వదిలేస్తే అయిపోదు. వెలివేసిన జంటకి ఇల్లు కావాలి, తిండి కావాలి. కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్యగారు వేలకి వేలు ఇచ్చి ఆదుకున్నారు. పంతులుగారు తనదీ పెట్టారు. 1890లో సొంత డబ్బుతో రాజమండ్రిలో టౌన్‌హాలు కట్టించారు. పిల్లల్లేరు. 1906లో హితకారిణి సమాజం స్థాపించి ఆస్తి దానికి రాసిచ్చేశారు. జీవితమంతా పైసా పైసా కూడబెట్టినాయన, మొత్తం ఒక్కసారి వదిలేశారు. నాకు ముందు ఇది అర్థం కాలేదు. ఇప్పుడూ పూర్తిగా అయిందని చెప్పను. 1910లో భార్య పోయారు, 1919 మే 27న మద్రాసులో ఆయన.

ఆయన తన కథ తనే రాసుకున్నారు, స్వీయ చరిత్రము అని. ఇంట్లో గొడవలు, స్నేహితులతో తగాదాలు, ఏదీ దాచినట్టు అనిపించదు. అది సగం చదివాక ఒక ఆదివారం రాజమండ్రిలో ఆయన పుట్టిన ఇంటికి వెళ్ళొచ్చాను. వీధిలో మామూలు సందడి, లోపల నిశ్శబ్దం. గౌరమ్మ వయసు తల్చుకుంటూ కాసేపు గుమ్మం దగ్గర నిలబడిపోయా.

సాయంత్రం కొవ్వూరొచ్చాక నాన్నని గోష్పాదం రేవుకి రమ్మన్నా. మెట్ల మీద కూర్చున్నాక గ్రూపు సంగతి, ఫీజు సంగతి, ఫ్రెండ్ దగ్గర చేసిన అప్పు, అన్నీ చెప్పేశా. తిడతారనుకున్నా. చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు. తర్వాత నెలకి ట్యూషన్ల మీద ఎంత వస్తుందని అడిగారు. 2,500 అన్నా. జేబులోంచి పాత చిట్టీ కాగితం ఒకటి తీసి, దాని వెనక నా అప్పు ఐదు నెలలకి భాగించి రాసిచ్చారు. మూడు నెలలు కట్టేశా, ఇంక రెండున్నాయి.