వెంగమాంబ: గాయం నుంచి ముత్యాల హారతి దాకా
మన హనుమాన్ జంక్షన్ నుంచి తిరుమల వెళ్లి అన్నప్రసాదం తిన్నవాళ్లంతా ఆ భవనం మీద తరిగొండ వెంగమాంబ పేరు చూసే ఉంటారు.

1730 ప్రాంతంలో చిత్తూరు సీమలో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లి, వెంటనే వైధవ్యం. గుండు చేయించుకోమని అందరూ ఒత్తిడి పెట్టారు. ఆవిడ ఒప్పుకోలేదు, తన భర్త వేంకటేశ్వరుడేనని నమ్మారు. గుళ్లో ఆంజనేయుడి విగ్రహం వెనక ధ్యానం చేసుకుంటుంటే పూజారి బయటికి లాగేశాడని చెప్తారు. ఊరు వదిలి తిరుమల చేరారు.

వేంకటాచల మాహాత్మ్యం రాశారు. 1817లో కన్నుమూశారు. స్వామి ఏకాంత సేవలో ఆవిడ ముత్యాల హారతి ఇప్పటికీ ఉంది.

ఒక్కటి గమనించండి. ఆవిడకి సుబ్రహ్మణ్య దేశికులనే గురువు దొరికారు. ఇంట్లో గొడవల మధ్య పెరిగిన మనకీ దేవుడితో పాటు, చెప్పుకోడానికి ఒక మనిషి కావాలి. వెతుక్కోండి, అది బలహీనత కాదు.