వతన్ భూమి, వెట్టి బతుకు: అంబేడ్కర్‌కు ఎదురైన చిక్కుముళ్ళు

గత వేసవి సెలవుల్లో హాస్టల్లో మిగిలిపోయిన నలుగురం ఒక ఆట ఆడాం. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్రగా మారి, ఏం చేస్తామో చెప్పి పాచికలు వేస్తారు. కథలోని రాజ్యంలో బానిసత్వం చట్టబద్ధం. సంతలో మనుషుల్ని అమ్ముతారు. యజమాని దగ్గర్నుంచి పారిపోయిన ఒక అమ్మాయి మా బండిలో దాక్కుంది. రాజభటులు వచ్చి చట్టం చూపించి, ఆమెను అప్పగించమన్నారు.

ఇక్కడ ఆట ఆగి వాదన మొదలైంది. డబ్బు కట్టి విడిపిద్దామని ఒకరు అన్నారు. అలా కొంటే అమ్మేవాడి వ్యాపారం పెంచినట్టే కదా అని ఇంకొకరు. భటుల మీద తిరగబడదామంటే, రేపు ఆ కక్ష ఊళ్ళో మిగిలిన బానిసల మీద తీర్చుకుంటారు. రాజుకు అర్జీ పెడదామంటే, అది తేలేలోగా ఈ అమ్మాయి గతేమిటి? నాలుగో మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒకే మాట అడిగాడు: యజమాని ఇల్లు వదిలాక ఆమె తిండి ఎక్కడిది? ఆ మిత్రుడి తాత శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఊరికి బారిక. ఊరి చాకిరీకి బదులుగా ఇచ్చిన కొంచెం భూమిని వదులుకోలేక, చచ్చేదాకా ఆ చాకిరీ చేశాడు.

మేము చదువుతున్న ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. ఆ పేరు కిందుగా రోజూ నడిచి వెళ్ళే మాకు, మా మిత్రుడి ప్రశ్న ఆయన జీవితంలో ఎన్నిసార్లు ఎదురైందో ఆ రాత్రి దాకా తట్టలేదు. రాజ్యాంగ నిర్మాతగా ఆయన జీవితాన్ని చాలామంది చెప్పారు. ఈ వ్యాసంలో ఆ జీవితాన్ని వేరే దారిలో చెప్పుకుంటాం. చట్టమే కొందరు మనుషుల్ని కట్టి పడేసినప్పుడు ఆయన ఏం చేశారు? ఏ దారి ఎంచుకున్నారు, దేన్ని వదులుకున్నారు?

భీమ్‌రావ్ 1891 ఏప్రిల్ 14న మౌ సైనిక పట్టణంలో పుట్టారు. మహార్ కుటుంబం. సొంత ఊరు రత్నగిరి జిల్లాలోని అంబడవే. తాత మాలోజీ, తండ్రి రామ్‌జీ ఇద్దరూ బ్రిటిష్ సైన్యంలో పనిచేశారు. రామ్‌జీ సుబేదార్ దాకా ఎదిగి సైనిక పాఠశాలలో పాఠాలు చెప్పారు. ఆ కుటుంబానికి సైన్యం జీతంతో పాటు ఇంకొకటి కూడా ఇచ్చింది. ఊరి చాకిరీ నుంచి బయటపడే దారి ఇచ్చింది. ఊళ్ళో ఉండిపోయిన మహార్లకు ఆ దారి లేదు.

ఆ చాకిరీ పేరు వతన్. 1874లో వచ్చిన బొంబాయి వంశపారంపర్య పదవుల చట్టం దానికి రక్షణ కల్పించింది. ఊరికి వచ్చే ప్రభుత్వ సిబ్బందిలో ఎవరు పిలిచినా మహార్ వెళ్ళాలి. కబురు మోయాలి, మూట మోయాలి, కాపలా కాయాలి. పగలు, రాత్రి అన్న తేడా లేదు. తండ్రి ఊళ్ళో లేకపోతే కొడుకు వెళ్ళాలి. కొడుకూ లేకపోతే ఇంట్లో ఇంకెవరైనా వెళ్ళాలి. పని మనిషిని పట్టుకుని ఉండదు, ఇంటిని పట్టుకుని ఉంటుంది. దానికి బదులుగా కొంచెం భూమి, రైతులు కళ్ళంలో కొలిచి పెట్టే బలుత గింజలు, కొన్నిచోట్ల నెలకు కాసిని డబ్బులు దక్కేవి. తరాలు గడిచేకొద్దీ ఆ భూమి వాటాలుగా చీలి చీలి చిన్నదైపోయింది. చాకిరీ మాత్రం చీలలేదు.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. బానిసపై యజమానికి ఉన్న హక్కును కోర్టులు గుర్తించకూడదని 1843లోనే ఇండియాలో చట్టం వచ్చింది. 1862 నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి మనుషుల్ని బానిసలుగా కొనడాన్ని, అమ్మడాన్ని నేరం చేసింది. కాగితం మీద బానిసత్వం పోయింది. మరో పన్నెండేళ్ళకు అదే ప్రభుత్వం పుట్టుకను బట్టి చాకిరీని చట్టంలో రాసుకుంది. మద్రాసు రాష్ట్రంలోనూ 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం వచ్చింది. అప్పట్లో మన జిల్లాలు గంజాం, విశాఖపట్నం పేర్లతో ఆ రాష్ట్రంలోనే ఉండేవి. అందుకే వతన్ గురించి చదువుతుంటే మాకది పరాయి కథ అనిపించలేదు.

బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. చదువు పూర్తయ్యాక పదేళ్ళు బరోడా కొలువులో పనిచేస్తానని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టే వెళ్ళారు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి యాభై ఏళ్ళు కూడా కాలేదు. నల్లజాతి ప్రజల హార్లెం ఆయన చదివిన చోటికి పక్కనే ఉంది. తర్వాతి కాలంలో ఆయన రాతల్లో అమెరికా బానిసత్వం, అంతర్యుద్ధం తర్వాత నల్లవారికి దక్కిన హక్కులు, చేజారిన హక్కులు పదేపదే కనిపిస్తాయి. 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కు ఆయన ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లజాతి ప్రతినిధులు పెట్టుకున్న విన్నపం ప్రతులు పంపమని అడిగారు.

1917లో ఒప్పందం ప్రకారం బరోడా కొలువులో చేరారు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. కార్యాలయంలో బంట్రోతులు ఫైళ్ళు చేతికివ్వకుండా బల్ల మీదికి విసిరేవారు. కొద్ది రోజులకే ఆయన బరోడా వదిలేశారు. చట్టప్రకారం ఆయన స్వేచ్ఛాజీవి, పెద్ద చదువులు చదివిన అధికారి. అయినా తల దాచుకోవడానికి ఒక గది లేదు. చట్టం ఇచ్చే స్వేచ్ఛకు, బతుకులో దొరికే స్వేచ్ఛకు మధ్య ఎంత దూరం ఉందో ఆయనకు పుస్తకాల కంటే ముందు బరోడా చెప్పింది.

ఆయన బారిష్టరై తిరిగొచ్చి, 1927లో బొంబాయి శాసనమండలిలో నామినేటెడ్ సభ్యుడయ్యారు. 1928 మార్చిలో వతన్ చట్టాన్ని సవరించే బిల్లు ప్రవేశపెట్టారు. మా మిత్రుడు అడిగిన ప్రశ్న ఆయనకు సరిగ్గా ఇక్కడే ఎదురైంది. వతన్‌ను ఒక్క కలం పోటుతో రద్దు చేస్తే చాకిరీతో పాటు భూమీ పోతుంది. చాలామంది మహార్లు వతన్‌ను తమ హక్కుగా, ఊళ్ళో తమకున్న ఏకైక గుర్తింపుగా చూసుకునేవారు. రద్దు అంటే వాళ్ళే భయపడ్డారు. ఆ భయాన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం తేలిక. అంబేడ్కర్ అలా చేయలేదు. అలాగని ఆ భయానికి తలవంచనూ లేదు. వతన్ ఇచ్చే కాస్త భరోసానే మహార్లను ఊరికి కట్టేసి, వాళ్ళలో ఆత్మగౌరవాన్ని, కొత్త బతుకు వెతుక్కునే చొరవను చంపేస్తోందని బహిష్కృత్ భారత్ పత్రికలో రాశారు.

ఆయన బిల్లు నిర్మాణంలోనే జవాబు ఉంది. చాకిరీ వద్దనుకున్న వతన్‌దారు, మిగతా రైతుల్లాగే పూర్తి శిస్తు కట్టి భూమిని తన దగ్గరే ఉంచుకోవచ్చు. చాకిరీ పోతుంది, చేను ఉంటుంది. బలుత గింజల కోసం ఇంటింటికీ తిరిగి చేయి చాచే పని లేకుండా, ఆ విలువను డబ్బుగా మార్చి శిస్తుతో పాటే వసూలు చేయాలి. చాకిరీలో కొనసాగేవాళ్ళు ఎవరికి, ఏ పని చేయాలో చట్టంలో స్పష్టంగా రాయాలి. అంటే విముక్తి కోరుకున్నవాడు దానికి బదులుగా తన కూడు పోగొట్టుకోకూడదు.

బిల్లు సెలెక్ట్ కమిటీకి వెళ్ళింది. ప్రభుత్వం వ్యతిరేకించింది. బిల్లు అసలు ఉద్దేశం దెబ్బతినడంతో 1929 జూలైలో ఆయనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ నాయకుడిగా 1937లో మళ్ళీ ప్రయత్నించారు. కొంకణ్‌లో కౌలు రైతులను పీల్చిపిప్పి చేస్తున్న ఖోతీ పద్ధతి రద్దుకూ అదే ఏడాది బిల్లు పెట్టారు. 1938 జనవరిలో వేలమంది రైతులు బొంబాయిలో ఊరేగింపు తీశారు. అయినా చట్టం రాలేదు. వతన్ భూములపై ప్రభుత్వం పన్ను పెంచినప్పుడు, 1939 డిసెంబర్‌లో హరేగావ్ సభలో ఆయన వతన్‌దారుల పక్షాన నిలబడ్డారు. వతన్ పోవాలన్న మనిషే వతన్‌దారుల కోసం పోరాడటం కొందరికి వింతగా అనిపించవచ్చు. మాకు అలా అనిపించలేదు. ఆయన పోరాటం చాకిరీ మీద. చాకిరీ చేసేవాళ్ళ నోటికాడ కూడు మీద కాదు.

రెండో చిక్కు మహద్‌లో ఎదురైంది. అక్కడి చౌదార్ చెరువును మునిసిపాలిటీ 1924లోనే అందరికీ తెరిచింది. అయినా అంటరానివాళ్ళు నీళ్ళు ముట్టడానికి వీల్లేని పరిస్థితి. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచివెళ్ళి ఆ నీళ్ళు తాగారు. తిరిగి వెళ్తున్నవారిపై దాడి జరిగింది. డిసెంబర్‌లో రెండో సభకు జనం పోగయ్యేసరికి, ఆ చెరువు తమ సొంతమంటూ సవర్ణులు కోర్టుకెళ్ళి తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు తెచ్చుకున్నారు. జైలుకైనా సిద్ధమని వేలమంది పట్టుదలగా ఉన్నారు. కోర్టు ఉత్తర్వు స్పష్టంగా అన్యాయం. దాన్ని ధిక్కరించాలా?

డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టారు. చెరువు నీళ్ళు మాత్రం ముట్టలేదు. సవర్ణులతో పాటు ప్రభుత్వాన్నీ ఒకేసారి శత్రువుగా చేసుకుంటే, దెబ్బలు తినేది, కేసుల్లో ఇరుక్కునేది పేదలే అన్నది ఆయన అంచనా. కులం రాసుకున్న చట్టాన్ని కాల్చారు, మార్చడానికి వీలున్న చట్టాన్ని కోర్టులో ఎదుర్కొన్నారు. ఆ కేసు పదేళ్ళు నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు చెరువు అందరిదని తేల్చింది. ఆ నిర్ణయం సరైనదేనా అని మాలో మాకే ఇప్పటికీ వాదన ఉంది. దాహానికి పదేళ్ళ వాయిదా చిన్న విషయం కాదు. కానీ ఆ రోజు సభకు వచ్చినవాళ్ళు మర్నాడు తమ ఊళ్ళకు తిరిగి వెళ్ళి, అవే అగ్రకులాల మధ్య బతకాలి. ఆ లెక్క వేయని ధైర్యం ఇతరుల ప్రాణాలతో ఆడే ఆట అవుతుంది.

బానిసత్వానికీ అంటరానితనానికీ తేడా ఏమిటన్న ప్రశ్న ఆయన్ను చివరిదాకా వదల్లేదు. ఆయన మరణం తర్వాత అచ్చయిన రాతల్లో దీనిపై పెద్ద చర్చ ఉంది. రోమ్‌లో బానిసలు గురువులుగా, వైద్యులుగా కూడా ఉన్నారని ఆయన గుర్తు చేస్తారు. బానిస యజమానికి ఆస్తి కాబట్టి, సొంత లాభం కోసమైనా అతని ప్రాణం కాపాడతాడు. అంటరానివాడి చాకిరీ అందరికీ కావాలి, అతని ఆకలి ఎవరి బాధ్యతా కాదు. బానిసను ఉంచుకోవాలని యజమానిని ఎవరూ బలవంతపెట్టరు. అంటరానితనం మాత్రం పాటించి తీరాల్సిన ధర్మం. పైగా బానిసకు తాను బానిసనని తెలుసు. అంటరానితనం సంకెళ్ళు కనిపించనివ్వదు. అందుకే అది మరింత ఘోరమని ఆయన తేల్చారు. అమెరికా తోటల్లో కొరడా దెబ్బలకు చచ్చిన మనుషుల్ని తలచుకుంటే ఏది ఎక్కువ ఘోరం అని తూకం వేయడానికి మాకు మనసొప్పదు. కానీ యజమాని తిండి పెడుతున్నాడు కదా అన్న వాదన ఎంత మోసమో ఆ చర్చ చదివితే తెలుస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చే సమయానికి ఆయన తన కార్యక్రమాన్ని రాష్ట్రాలు–మైనారిటీలు అన్న పత్రంలో పెట్టారు. బలవంతపు చాకిరీ నేరం కావాలన్నారు. అక్కడితో ఆగలేదు. వ్యవసాయ భూమి ప్రభుత్వపరం కావాలని, కులమత భేదం లేకుండా దాన్ని ఊరి జనానికి సాగుకు ఇవ్వాలని అన్నారు. వతన్ బిల్లులో ఒక కులానికి అడిగిన న్యాయాన్ని ఇక్కడ దేశమంతటికీ అడిగారు. 1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా కమిటీ ఏర్పడి, ఆయన అధ్యక్షుడయ్యారు. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణ, వెట్టిని, మనుషుల వ్యాపారాన్ని నిషేధించిన 23వ అధికరణ రాజ్యాంగంలో చేరాయి. భూమి గురించి ఆయన కోరింది చేరలేదు.

ఇది మూడో చిక్కు. సగం న్యాయం రాసిన పత్రానికి సంతకం పెట్టాలా, బయటికి నడవాలా? ఆయన ఉండి రాశారు. రాసి ఊరుకోలేదు. 1949 నవంబర్‌లో సభలోనే, ఓటులో సమానత్వం వచ్చినా బతుకులో అసమానత అలాగే ఉందని, దాన్ని త్వరగా తొలగించకపోతే ఈ నిర్మాణమే కూలుతుందని హెచ్చరించారు. 1951లో హిందూ కోడ్ బిల్లు ఆగిపోయినప్పుడు మంత్రి పదవి వదిలేశారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమందితో బౌద్ధం స్వీకరించారు. డిసెంబర్ 6న కన్నుమూశారు. ఏది లోపల ఉండి మార్చాలో, ఏది వదిలి వెళ్ళాలో ఆయనకు తెలుసు. చట్టాన్ని మార్చవచ్చనుకున్నారు. కులధర్మం మారదని తేల్చుకుని వదిలేశారు.

మహార్ వతన్‌ను రద్దు చేసిన బొంబాయి చట్టం 1958 నాటిది. మొదటి బిల్లు పెట్టిన ముప్ఫై ఏళ్ళకు వచ్చింది. చూడటానికి ఆయన లేరు. మన వైపు, 1895 నాటి మద్రాసు చట్టంలో పుట్టుకను బట్టి గ్రామోద్యోగం ఇచ్చే నిబంధనను సుప్రీంకోర్టు 1960లో గాజుల దశరథరామారావు కేసులో కొట్టేసింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. దేశమంతటా ఉన్న చాకిరీల పేర్లు ఆ చట్టంలో వరుసగా రాశారు. ఆ వరుసలో వెట్టి, పాలేరు అన్న మన మాటలు కూడా ఉన్నాయి. 23వ అధికరణ ఉన్నా, ఈ పేర్లన్నీ మళ్ళీ రాయాల్సి రావడానికి పాతికేళ్ళు పట్టింది. కారణం ఆయన ముందే చెప్పిన భూమే.

ఆ రాత్రి ఆట మళ్ళీ మొదలైనప్పుడు మా మిత్రుడు భటులతో మాట్లాడలేదు. బండిలో దాక్కున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళి, ఎక్కడికి పోవాలని ఉంది, అక్కడ బతకడానికి ఏం కావాలి అని అడిగాడు. మేము ముగ్గురం అంతసేపు వాదించుకున్నాం గానీ ఆ ప్రశ్న మాలో ఎవరికీ తోచలేదు. సెలవులు అయిపోయాక అతను తాత భూమి కాగితాల కోసం తహసీల్దార్ కార్యాలయానికి వెళ్ళాడు. ఆ భూమి ఇప్పుడు ఎవరి పేరున ఉందో తెలుసుకోవాలని అతని పట్టుదల. ఈసారి మేమూ అతని వెంట వెళ్తున్నాం.