బయోస్‌కు పేరు పెట్టిన గ్యారీ కిల్డాల్

కంప్యూటర్ మీట నొక్కినప్పటి నుంచి తెరపై తొలి అక్షరం కనిపించే వరకు జరిగే పనులకు ఒక వరుస ఉంటుంది. ఆ వరుస తప్పితే యంత్రం నిలిచిపోతుంది. ఈ బాధ్యతను ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మిగతా భాగాల నుంచి విడదీసి ఒకేచోట చేర్చి, దానికి బయోస్ అని పేరు పెట్టిన వారు అమెరికా శాస్త్రవేత్త గ్యారీ కిల్డాల్.

ఆయన 1942 మే 19న సియాటిల్‌లో జన్మించారు. ఆయన కుటుంబం నౌకాయాన విద్య నేర్పే పాఠశాలను నడిపేది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1972లో డాక్టరేట్ పొందారు. కాలిఫోర్నియాలోని మాంటెరీలో నౌకాదళ ఉన్నత విద్యాసంస్థలో అధ్యాపకులుగా పనిచేశారు. ప్రోగ్రాముల విశ్లేషణపై 1973లో ఆయన ప్రచురించిన పరిశోధన కంపైలర్ పాఠ్యాంశాల్లో నేటికీ నిలిచి ఉంది. ఇంటెల్ సంస్థకు సలహాదారుగా ఉంటూ మైక్రోప్రాసెసర్ల కోసం పీఎల్/ఎం భాషను రూపొందించారు.

ఆయన చేతికి ఒక ఫ్లాపీ డ్రైవ్ వచ్చినా, దానిని ప్రాసెసర్‌తో కలిపే కంట్రోలర్ తయారు చేయడం ఆయన వల్ల కాలేదు. మిత్రుడు జాన్ టోరోడ్ ఆ పని పూర్తి చేశారు. 1974లో పసిఫిక్ గ్రోవ్‌లో సీపీ/ఎం తొలిసారి పనిచేసింది. భార్య డొరోతీతో కలిసి స్థాపించిన సంస్థే తరువాత డిజిటల్ రీసెర్చ్‌గా ప్రసిద్ధి చెందింది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఒక్కో తయారీదారు డిస్క్ కంట్రోలర్ ఒక్కో తీరుగా ఉండేది. ప్రతి యంత్రానికీ సిస్టమ్ మొత్తాన్ని సవరించడం తలకు మించిన పని. ఇమ్సాయ్ సంస్థ కోసం పనిచేసే సందర్భంలో కిల్డాల్ హార్డ్‌వేర్‌పై ఆధారపడే భాగాన్నంతా బయోస్‌లోకి మార్చారు. ఫైళ్ల నిర్వహణ చూసే భాగం అన్ని యంత్రాల్లోనూ ఒక్కటే. మారేది బయోస్ మాత్రమే.

సీపీ/ఎం 2.2లో బయోస్ ఆరంభాన 17 ప్రవేశ ద్వారాల పట్టిక ఉంటుంది. అందులో మొదటిది కోల్డ్ బూట్. డిస్కులోని తొలి ట్రాకుల నుంచి సిస్టమ్ మెమరీలోకి వచ్చాక ఇది పరికరాలను ఆరంభ స్థితికి తెస్తుంది. మెమరీ మొదటి చిరునామాల్లో బయోస్‌కు, ఫైళ్ల భాగానికి దారి చూపే ఆదేశాలను ఉంచుతుంది. ఆ తరువాతే ఆజ్ఞలు స్వీకరించే భాగానికి నియంత్రణ అప్పగిస్తుంది. దారులు వేయకముందే అప్పగిస్తే, మొదటి ప్రోగ్రామే గమ్యం లేని చోటికి దూకుతుంది. రెండవది వార్మ్ బూట్. ప్రోగ్రాములు చెరిపివేసి ఉండగల భాగాలను ఇది డిస్కు నుంచి తిరిగి తెస్తుంది. బయోస్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. డిస్కు చదవడంలోనూ ఇదే క్రమశిక్షణ. డ్రైవ్, ట్రాక్, సెక్టార్, మెమరీ చిరునామా ముందే నిర్ణయించాలి, చదవమనడం చివరన. చిరునామా మార్చడం మరిస్తే కొత్త సమాచారం పాతదానిపై పడుతుంది.

ఈ వరుసను యంత్రం ఎరిగిన మనిషే ముందుగా రాసిపెట్టాలి. పరికరాలు కొద్దిగా ఉన్న రోజుల్లో అది సరిపోయింది. నేటి లైనక్స్‌లో డ్రైవర్‌కు కావలసిన క్లాకో, విద్యుత్ నియంత్రికో సిద్ధంగా లేకపోతే అది తన వంతును వాయిదా వేసుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది.

1980లో ఐబీఎం ప్రతినిధులు పసిఫిక్ గ్రోవ్‌కు వచ్చినప్పుడు ఒప్పందం కుదరలేదు. ఆ రోజు ఆయన విమాన విహారంలో కాలం గడిపారన్న ప్రచారం జీవితాంతం ఆయనను వెంటాడింది. నిజానికి వ్యాపార పనిపైనే విమానంలో వెళ్లారు. రహస్య ఒప్పంద పత్రం వద్ద చర్చ చిక్కుబడింది. సీపీ/ఎం పిలుపుల తీరును అనుసరించిన వేరొక సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ కొని ఐబీఎంకు అందించింది. 1981లో వెలువడిన ఐబీఎం పీసీకి సీపీ/ఎం-86 కూడా లభించింది, కానీ దాని ధర 240 డాలర్లు, పీసీ డాస్ ధర 40 డాలర్లు. పోటీ అక్కడే ముగిసిందనవచ్చు. అయితే ఆ పీసీ రామ్‌లో కాక, శాశ్వత స్మృతి చిప్‌లో అమర్చిన ఆరంభ ప్రోగ్రాం పేరు మాత్రం బయోసే.

1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ సంస్థ కొనుగోలు చేసింది. తలకు తగిలిన గాయంతో కిల్డాల్ 1994 జులై 11న మాంటెరీలో 52 ఏళ్ల వయసులో మరణించారు. 2014లో పసిఫిక్ గ్రోవ్‌లో ఆయన సంస్థ పనిచేసిన ఇంటి ముందు విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ స్మారక ఫలకాన్ని నెలకొల్పింది.