కాపీకి ఒక సెంటు: స్కాట్ జోప్లిన్ పోరాటం

రాగ్‌టైమ్ అనగానే మనకు గుర్తొచ్చే పేరు స్కాట్ జోప్లిన్. తండ్రి ఒకప్పుడు బానిస. తల్లి టెక్సర్కానాలో ఇళ్లలో పాచిపని చేసి పిల్లల్ని సాకింది. అక్కడే జూలియస్ వైస్ అనే జర్మన్ మాస్టారు ఆయనకు పాఠాలు చెప్పాడు.

1890లలో మిస్సౌరీలోని సెడాలియాలో, నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన జార్జ్ ఆర్. స్మిత్ కాలేజీలో సంగీతం చదువుతూ, క్లబ్బుల్లో పియానో వాయించి బతికారు. 1899లో ‘మేపుల్ లీఫ్ రాగ్’ అచ్చుకు ఇచ్చేటప్పుడు కాపీకి ఒక సెంటు రాయల్టీ రాయించుకున్నారు. నల్లవాళ్ల బాణీలను నాలుగు డబ్బులు పడేసి కొనేసే రోజులవి.

రాగ్‌టైమ్‌ను పెద్దమనుషులు తాగుడు కొట్ల సంగీతమన్నారు. జోప్లిన్ ఆపెరా రాశారు. ‘ట్రీమోనిషా’లో చదువుకున్న నల్లజాతి యువతి తన జనాన్ని మూఢనమ్మకాల నుంచి బయటపడేస్తుంది. 1911లో సొంత డబ్బుతోనే అచ్చు వేసుకున్నారు. 1915లో హార్లెంలో వాద్యబృందం లేకుండా, తానే పియానో వాయిస్తూ వినిపించారు. ఆదరణ దక్కలేదు. 1917 ఏప్రిల్ 1న చనిపోయారు.

ఆయన సమాధి మీద 1974 దాకా పేరు లేదు. 1976లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం ఇచ్చారు.

మన వాడల్లో చదువుకుంటూ డప్పు కొట్టే, పాట కట్టే పిల్లలున్నారు. వాళ్లను ఇప్పుడే విందాం. వాళ్ల పాట మీద వాళ్ల పేరు, వాళ్ల హక్కు ఉండేలా చూద్దాం.