జోగిపేట మహాసభకు అధ్యక్షుడైన బి.ఎల్. పట్టభద్రుడు

సంగారెడ్డి: నిజాం రాష్ట్రంలో తెలుగువారి మొట్టమొదటి ఆంధ్ర మహాసభ మన జోగిపేటలోనే జరిగింది. 1930 మార్చిలో మూడు రోజులు జరిగిన ఆ సభకు అధ్యక్షత వహించిన వారు సురవరం ప్రతాపరెడ్డి. పత్రికా సంపాదకుడిగా అందరూ ఎరిగిన ఆయన చదివింది న్యాయశాస్త్రం.

ప్రతాపరెడ్డి 1896 మే 28న జన్మించారు. స్వగ్రామం గద్వాల సంస్థానంలోని ఇటిక్యాలపాడు. కర్నూలులో చదువుకునే రోజుల్లో వెల్లాల శంకరశాస్త్రి వద్ద సంస్కృతం నేర్చారు. తర్వాత హైదరాబాదు నిజాం కళాశాలలో ఎఫ్.ఏ. చదివారు.

ఆ రోజుల్లో పల్లెటూరి పిల్లవాడు వకీలు కావడం తేలిక పని కాదు. ముందు బి.ఏ. పూర్తి చేస్తేనే బి.ఎల్.లో చేర్చుకునేవారు. ఆ పట్టా కోసం మద్రాసుకో, పూనాకో, బొంబాయికో పోవాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చినా బోధన అంతా ఉర్దూలోనే. కలిగిన ఇంటివారికి తప్ప ఇంత దూరపు చదువు అందేది కాదు.

ప్రతాపరెడ్డి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. ముగించి, తిరువాన్కూరు వెళ్ళి బి.ఎల్. పట్టా పుచ్చుకున్నారు. ఇన్నేళ్ళ చదువులోనూ తెలుగు సంస్కృతాలను విడువలేదు.

తిరిగి వచ్చాక కోర్టులో పేరు, డబ్బు సంపాదించే దారి ఆయన ముందు ఉండనే ఉన్నది. కాని ఆయన మనసు అటు నిలువలేదు. కొత్వాలు రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి పూనికతో నడిచిన రెడ్డి హాస్టలు బాధ్యత స్వీకరించారు. పల్లెల నుంచి పట్నానికి చదువుకు వచ్చే పిల్లలకు ఆ హాస్టలే ఆశ్రయం. అక్కడి గ్రంథాలయాన్ని ఆయన ఎంతో శ్రద్ధగా పెంచారు.

కచేరీల్లోనూ కోర్టుల్లోనూ అప్పుడు ఉర్దూయే రాజభాష. తన భూమి దావా కాగితంలో ఏమున్నదో తెలుగు రైతుకు తెలిసేది కాదు. 1921లో హైదరాబాదు వివేకవర్ధని హాలులో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. 1926 మే 10న ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక ప్రారంభించారు. సర్కారు ఆంక్షలకు వెరవక గ్రామాల కష్టాలను అందులో ప్రచురించారు.

జోగిపేట సభ ఈ కృషికి ఫలితం. తెలుగు మాటకు నవ్విన రాజ్యంలో మూడు రోజుల పాటు తెలుగులోనే సభ నడిచింది. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవుల పద్యాలతో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆయన రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. తెలుగులో ఆ బహుమతి పొందిన మొదటి గ్రంథం అదే. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ 2025 మార్చిలో శాసనసభ బిల్లు ఆమోదించింది.

ఫ్యాక్టరీల నీటితో పాడైన పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతపు చెరువులు, పొలాల గోడు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. చట్టం చదివి ఊరివారికి వారి భాషలో విప్పి చెప్పేవారి అవసరం నేటికీ తీరలేదు. డిగ్రీ తర్వాత లా చదవాలనుకునే ఈ ప్రాంతపు విద్యార్థులు ప్రతాపరెడ్డి జీవితం తప్పక తెలుసుకోవాలి.