విలియం రాక్స్‌బర్గ్

వేసవి ప్రవేశించినంతనే లక్సెట్టిపేట ప్రాంతపు అడవులలో తునికిపండ్లు పండును. వానలు లేక నేల బీటలు వాఱినను తునికిచెట్టు చావదు. నఱకివేసినను వేరునుండి మరల చిగిర్చును. దీని ఆకులు బీడీలకును, పండ్లు ఆకలి తీర్చుకొనుటకును పనికివచ్చును. వృక్షశాస్త్రమున దీనికి డయాస్పైరస్ మెలనోజైలాన్ అని పేరు. ఆ పేరు చివర, దానిని లోకమునకు వర్ణించి చెప్పిన పండితుని పేరును సంగ్రహముగా చేర్చి వ్రాయుదురు. ఆ పండితుడే విలియం రాక్స్‌బర్గ్.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యమును, వృక్షశాస్త్రమును అభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరెను. 1781లో ఆయనను సామర్లకోటకు పంపిరి. అచ్చటి సైనికులకు చికిత్స చేయుట ఆయన ఉద్యోగము. మొక్కలను పరిశీలించుట ఆయన ప్రాణము. రాజమహేంద్రవరపు కొండలలో మిరియపుతీగ తనంతట తాను పెరుగుచుండుట గమనించి, దానిని తెచ్చి సామర్లకోట తోటలో పెంచెను. కంపెనీవారు లాభమును కోరి ఈ పనికి తోడ్పడిరి.

ఆయన ఒక్కొక్క మొక్కకు తెలుగువారు పెట్టుకొన్న పేరును, దాని ఉపయోగమును ఇచ్చటి జనులను అడిగి తెలిసికొని వ్రాసికొనెను. దేశీయ చిత్రకారులను నియమించి మొక్కల చిత్రములను వ్రాయించెను. 1787లో కోరంగి తీరమున గొప్ప ఉప్పెన వచ్చి, ఆయన ఎంతో శ్రమించి కూర్చిన సేకరణలను తుడిచిపెట్టెను. అయినను ఆయన నిరాశ చెందక, పని మరల మొదలుపెట్టెను.

అంతకంటె ఘోరమైన ఆపద వేఱొకటి వచ్చెను. 1790 మొదలు కొన్ని సంవత్సరములు వానలు సరిగా కురియక ఉత్తర సర్కారులలో భయంకరమైన కఱవు వ్యాపించెను. గ్రామములు పాడుపడెను, జనులు ఆకలితో మరణించిరి. ఆ దృశ్యము రాక్స్‌బర్గ్ మనస్సును కలచివేసెను. మద్రాసులో నున్ననాటినుండియు వాతావరణమును నిత్యము కొలిచి వ్రాయు అలవాటు ఆయనకు కలదు. పూర్వపు కఱవులను గూర్చియు ఆయన విచారించెను. వరిచేను ఒక్క వానకై ఎదురుచూచి ఎండిపోవును. వేరు లోతుగా దిగిన చెట్టు అట్లు ఎండదు. కావున కొబ్బరి, పనస, సీమపనస, అరటి, నాగజెముడు మొదలగువానిని గ్రామములయందును కాలువగట్ల మీదను విరివిగా నాటవలెనని అధికారులకు సూచించెను. ప్రజలు చెట్లు పెంచుకొనినచో, పంట పోయిననాడు ప్రాణములైనను నిలుచునని ఆయన తలంపు.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధ్యక్షుడై, ఇరువది సంవత్సరములు దానిని వృద్ధి చేసెను. కోరమండల తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము 1795 మొదలుకొని మూడు సంపుటములుగా లండనులో వెలువడెను. అందు మూడువందల చిత్రములున్నవి. వానిని వ్రాసిన చిత్రకారుల పేర్లు గ్రంథపు ముఖపత్రముపై లేవు. మొక్కల పేర్లు చెప్పిన పల్లెవారి పేర్లును లేవు. అయినను వారి తోడ్పాటు లేనిదే ఆ గ్రంథము లేదు.

ఆరోగ్యము చెడి రాక్స్‌బర్గ్ 1813లో ఈ దేశమును విడిచెను. 1815లో ఎడింబరో నగరమున మరణించెను. భారత వృక్షశాస్త్రమునకు ఆయనను పితగా పేర్కొందురు. ఎండలకు తాళి నిలిచిన తునికిచెట్టు నేటికిని ఆయన పేరును మోయుచున్నది. పెరటిలో నాటిన ఒక గట్టి మొక్క కఱవునాడు బంధువై ఆదుకొనునని ఆయన జీవితము మనకు బోధించుచున్నది.