దగ్గరి దారి చూపిన డైక్‌స్ట్రా

హైటెక్ సిటీ నుంచి మీరు పంపే ఫొటో అమెరికాలో ఉన్న మీ చెల్లెలి ఫోన్‌కి క్షణాల్లో చేరుతుంది. మధ్యలో రౌటర్లనే కూడళ్లు ఎన్నో ఉంటాయి. ఎక్కడ ఎటు తిరగాలో తేల్చే లెక్కల్లో ముఖ్యమైనది 1956 నాటిది. దాన్ని కనిపెట్టిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా గురించి ఈ నెల తెలుసుకుందాం.

ఆయన 1930 మే 11న నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టారు. నాన్న కెమిస్ట్రీ టీచర్, అమ్మ గణితంలో దిట్ట. మొదట లా చదవాలనుకున్నా, లైడెన్ యూనివర్సిటీలో ఫిజిక్స్‌లో చేరారు. 1952 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రంలో ప్రోగ్రామర్‌గా పనిచేశారు.

అక్కడ ఆర్మాక్ అనే కొత్త కంప్యూటర్ తయారైంది. దాని శక్తి మామూలు జనానికీ అర్థమయ్యేలా చూపించాలి. రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి ఏది అన్న ప్రశ్న ఎంచుకున్నారు. ఒకరోజు కాబోయే భార్యతో షాపింగ్ చేసి అలసిపోయి, కాఫీ తాగుతూ, కాగితం, పెన్సిల్ లేకుండా 20 నిమిషాల్లో పద్ధతి ఆలోచించారు. 64 ఊళ్ల మ్యాప్‌తో ప్రదర్శన జరిగింది. 1959లో అది అచ్చయింది.

ఆ పద్ధతి ఇదీ. స్కూల్ బస్సు కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్లాలి. ముందుగా, అతి తక్కువ సమయంలో చేరగల కూడలిని ఖాయం చేస్తాం. అక్కడి నుంచి పక్క కూడళ్లకు పట్టే సమయం కలుపుతాం. ముందు రాసుకున్నదానికన్నా తక్కువ వస్తే దిద్దుకుంటాం. మిగిలినవాటిలో తక్కువ సమయం ఉన్నదాన్ని ఖాయం చేస్తాం. గచ్చిబౌలి ఖాయమయ్యేదాకా ఇంతే.

ఒకే సంస్థ నెట్‌వర్క్ లోపల ఓఎస్‌పీఎఫ్ అనే విధానంలో రౌటర్లు చేసేది ఈ లెక్కే. ఒక లింకు తెగితే మళ్లీ లెక్కగట్టి వేరే దారి పడతాయి. వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌ల మధ్య మాత్రం బీజీపీ అనే విధానం నడుస్తుంది. అక్కడ దూరం ఒక్కటే చాలదు, సంస్థల మధ్య ఒప్పందాలూ దారిని నిర్ణయిస్తాయి.

1957లో పెళ్లి నమోదుకు వెళ్లి, వృత్తి ప్రోగ్రామర్ అని రాస్తే అధికారులు ఒప్పుకోలేదు. అలాంటి ఉద్యోగమే లేదన్నారు. చివరికి ఫిజిక్స్ శాస్త్రవేత్త అని రాయాల్సి వచ్చింది. ఆ లేని వృత్తికే ఆయన 1972లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 1984 నుంచి అమెరికాలోని ఆస్టిన్‌లో పాఠాలు చెప్పారు. తన ఆలోచనలను ఫౌంటెన్ పెన్‌తో ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసి తోటివారికి పంపేవారు. 2002 ఆగస్టు 6న కన్నుమూశారు.

ఏ కోర్సులో చేర్పిస్తే పిల్లలకు ఉద్యోగం వస్తుందని చాలామంది పేరెంట్స్ అడుగుతుంటారు. వాళ్లు రేపు చేయబోయే ఉద్యోగానికి ఇంకా పేరే పెట్టి ఉండకపోవచ్చు. స్థిమితంగా ఆలోచించే అలవాటు మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. ఈ ఆదివారం ఇంటి నుంచి స్కూలుకి ఉన్న కూడళ్లు, వాటి మధ్య పట్టే నిమిషాలు పిల్లలతో కాగితం మీద గీయించండి. ఫోన్ పక్కన పెట్టి, దగ్గరి దారిని వాళ్లనే వెతకనివ్వండి.